రెండు క్యాలెండర్లు, ఒక డాష్‌బోర్డు

ఇంట్లో నా పేరు నూకరత్నం. ఆఫీసులో డౌ యదనా, అంటే యదనా గారు. బర్మా భాషలో యదనా అన్నా రత్నమే కాబట్టి నాకెప్పుడూ రెండు పేర్లున్నట్టు అనిపించలేదు. పోయినేడు వానలకి ముందు రిటైరయ్యాను. యాంగన్‌లో, అదే మనవాళ్ళనే రంగంలో, పజుండౌంగ్ పేట కాలవ పక్కన మా ఇల్లు. పొద్దున్నే టీ తాగి, మొక్కలకి నీళ్ళు పోసి, ఆ తరవాత ఏం చెయ్యాలో తోచక మా ఆయన్ని సతాయిస్తూ కూర్చున్నాను.

ఈ లోపు మా వాళ్ళ పిల్లలు ఇద్దరు నేను చేసిన ఉద్యోగంలోనే చేరారు. "పిన్నీ, నీకు తెలిసిందంతా రాసిపెట్టు, కానీ ఇంగ్లీషులో రాయి" అన్నారు. వాళ్ళకి తెలుగు వింటే అర్థమవుతుంది గానీ చదవాలంటే కూడబలుక్కోవాలి. ఇంగ్లీషులో రాయను అని చెప్పాను. కూడబలుక్కుని చదివింది బుర్రలో ఉంటుంది, గబగబా చదివింది పోతుంది. కాబట్టి పిల్లలూ, నెమ్మదిగా చదవండి.

ఈ పని ఏటంటే

బయటివాళ్ళకి మా పని చాలా సుఖంగా కనిపిస్తుంది. హోటల్ హాల్లో ఒక బల్ల, బల్ల నిండా రంగురంగుల కాగితాలు, వెనకాల నవ్వుతూ ఒక మనిషి. మా మేనకోడలైతే "అత్తా, నీకు నవ్వినందుకు జీతం ఇస్తారా?" అని అడిగేసింది. దాని తప్పేం లేదు. అది చూసినప్పుడల్లా నేను నవ్వుతూనే ఉన్నాను మరి.

అసలు పని వేరు. ఎక్కడో సముద్రాలకి అవతల ఉన్న యూనివర్సిటీకి ఇక్కడ ఏ పేటలో ఏ పిల్ల ఏం చదవాలనుకుంటోందో తెలియాలి. తెలిస్తేనే వాళ్ళు ఎన్ని సీట్లు, ఎన్ని స్కాలర్‌షిప్పులు ఈ ఊరికి పంపాలో తేల్చుకుంటారు. వాళ్ళకది అంకెల్లో తెలుస్తుంది. ఏ పేట నుంచి ఎంతమంది అడిగారు, ఏ చదువు గురించి అడిగారు, ఎంతమందికి సీటొచ్చింది, సీటొచ్చినవాళ్ళలో ఎంతమంది "వస్తున్నాను" అని బటన్ నొక్కారు. ఇవన్నీ ఒక తెర మీద రంగులేసి చూపిస్తారు. దాన్నే డాష్‌బోర్డు అంటారు. మా ప్రాంతం తెర మీద బ్యాంకాక్, కొలంబో, ఖాట్మండు, యాంగన్ పక్కపక్కనే ఉంటాయి. ఎవరి గడి ఎర్రగా మారితే వాళ్ళ సీట్లు పక్క ఊరికి పోతాయి.

నాకు అంకెలంటే భయం లేదు. ఇక్కడే లెక్కల్లో డిగ్రీ చేశాను. అంకెలు అబద్ధం చెప్పవని కొందరంటారు, అన్నీ అబద్ధాలే అని కొందరంటారు. రెండు రకాలవాళ్ళూ బద్ధకస్తులే. అంకె ఒక మనిషి చేసిన పని. ఆ మనిషి అలా ఎందుకు చేశాడో వెళ్ళి అడగాలి. అడగడానికే మనకి జీతం.

సమోసాల సభ

మా మొదటి బాసు మంచివాడే గానీ, ఏ హోటల్లో భోజనం బాగుంటే ఆ చుట్టుపక్కల పిల్లలు తెలివైనవాళ్ళని ఆయన గట్టి నమ్మకం. సభలన్నీ అలాగే పెట్టేవాడు. డాష్‌బోర్డు వచ్చాక ఆయనకి కొత్త ఉత్సాహం పుట్టింది. తెర మీద చూస్తే మింగళ తౌంగ్‌న్యున్ పేట నుంచి అందరికంటే ఎక్కువ మంది అడుగుతున్నారు. ఇంకేముంది, అక్కడే పెద్ద హాలు తీసుకున్నాం, ఆ చిరునామాలన్నిటికీ ఆహ్వానాలు పంపించాం, కుర్చీలు వేయించాం, సమోసాలు గంపలతో తెప్పించాం.

సభకి వచ్చినవాళ్ళెవరో తెలుసా? ఆంటీలు. చక్కగా పూలు పెట్టుకుని, మంచి బర్మా లుంగీలు, చీరలు కట్టుకుని వరసగా వచ్చి కూర్చున్నారు. పిల్లలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. ఒకావిడ నా దగ్గరికొచ్చి, "మా తమ్ముడి కొడుకుని పిలిచారు. వాడు మోలమైన్‌లో ఉన్నాడు. పిలిచినందుకు ఎవరో ఒకరు రాకపోతే బాగోదని నేనొచ్చాను" అంది.

అప్పుడర్థమైంది. ఆ పేట రైల్వే స్టేషన్ పక్కన. వేరే ఊళ్ళ పిల్లలు అక్కడి హాస్టళ్ళలో కొన్నాళ్ళుండి చదువుకుని పోతారు, లేదా అక్కడున్న మేనత్త చిరునామా రాస్తారు. వాళ్ళ ఊరికి పంపిన పార్సిల్ చేరుతుందో లేదో నమ్మకం లేదు, మేనత్త ఇంటికైతే తప్పకుండా చేరుతుంది. చిరునామా అంటే ఉత్తరం చేరే చోటే గానీ పిల్లాడు పడుకునే చోటు కాదు. ఆ ఆంటీలు సభంతా శ్రద్ధగా విన్నారు, బోలెడు ప్రశ్నలు వేశారు, సమోసాలు ఒక్కటి మిగల్చకుండా తిన్నారు. ఒకావిడైతే వంటల చదువుకి తను చేరొచ్చా అని అడిగింది. వయసు అడ్డం లేదని చెప్పాను. మా బాసు మొహం మాత్రం చూడలేకపోయాను.

అయితే అదే తెర ఇంకోసారి నా కళ్ళు తెరిపించింది. మా ఆఫీసులో అందరం, నాతో సహా, ఇక్కడి పిల్లలకి కంప్యూటర్లు తప్ప ఏమీ వద్దని తీర్మానించేసుకున్నాం. తెర మీద సేక్కాన్ వైపు నుంచి, రేవు పనివాళ్ళ కుటుంబాల నుంచి వస్తున్న ప్రశ్నలు చూస్తే అన్నీ ఓడరేవులు, గిడ్డంగులు, సరుకు రవాణా చదువుల గురించే. నేను నమ్మలేదు. మా తాత ఆ రేవులోనే మూటలు మోసి నడుం పోగొట్టుకున్నాడు. ఆ కష్టం చూసిన ఇళ్ళల్లో మళ్ళీ రేవు కావాలని ఎవరంటారు?

వెళ్ళి అడిగాను. నిజమే. "మోయడానికి కాదు ఆంటీ, నడపడానికి" అన్నాడు ఒక కుర్రాడు. ఆ మాట విని ఇంటికొచ్చి మా తాత ఫొటో ముందు కాసేపు నిలబడ్డాను, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ తరవాతే మేం ఓడరేవుల నిర్వహణ చదువుకి స్కాలర్‌షిప్ సీటు అడిగి తెచ్చుకున్నాం. మొత్తం ప్రాంతానికి ఒక్కటే సీటు.

రఘునందన్ గారు

నా చివరి బాసు రఘునందన్ గారు. సింగపూర్ ఆఫీసులో కూర్చుని ప్రాంతం మొత్తం అంకెలు చూసేవారు. హైదరాబాద్ మనిషి, నా కొడుకు వయసు. మొదటి ఫోను ఇంగ్లీషులో మొదలైంది. మధ్యలో నేను పక్కనున్నవాళ్ళని "ఏటి, కరెంటు పోయిందా?" అన్నాను.

"మేడమ్, మీరు తెలుగా?"

"రంగంలో పుట్టిన తెలుగు బాబూ."

"మీ తెలుగు నాకు సగమే సమజైతుంది మేడమ్."

"మీది నాకు పావు" అన్నాను. అక్కడి నుంచి మాకు బాగా కుదిరింది.

బాసుల్లో రెండు రకాలు చూశాను. "నేను చెప్పాను కదా" అనేవాళ్ళు ఒక రకం. "ఎట్ల తెలుసు మీకు?" అని అడిగేవాళ్ళు రెండో రకం. రఘునందన్ గారు రోజుకి పదిసార్లు "ఎట్ల తెలుసు?" అనేవారు. మొదట్లో ఒళ్ళు మండేది. పుట్టినప్పటి నుంచీ ఈ ఊరి గాలి పీలుస్తున్నాను, ఎట్ల తెలుసేటి! పోనుపోను ఆ ప్రశ్న నాకూ అలవాటైపోయింది. ఇప్పుడు మా ఆయన "వాన పడదులే" అంటే "ఎట్ల తెలుసు?" అంటున్నాను. ఆయనకి ఒళ్ళు మండుతోంది.

ఒకే గంటలో అందరూ

ఇక అసలు సంగతి. నా ఉద్యోగం మొత్తంలో ఏదైనా ఒక్కటే చెప్పమంటే ఇదే చెప్తాను.

ఆ ఏడు ఓడరేవుల సీటు మన పిల్లకే వచ్చింది. పేరు తిరి. వాళ్ళ నాన్న ఉ విన్ బర్మా మనిషి, సిటీ బస్సు నడుపుతాడు. అమ్మ మన తెలుగావిడ. ఇంట్లో పెత్తనం మాత్రం అమ్మమ్మది, పైడమ్మ. నేను పైడప్ప అంటాను, మా వైపు అక్కని అప్ప అంటాం కదా. పైడప్ప తండ్రీ మా తాతా ఒకే రేవులో పక్కపక్కనే మూటలు మోశారు. తిరికి ఈ సీటు రాకపోతే ఇంకో దారి లేదు. ఫీజు కట్టి పంపే స్తోమత ఆ ఇంటికి ఎప్పటికీ ఉండదు. అది ఆ గుంటకీ తెలుసు. సీటొచ్చింది, "వస్తున్నాను" అని బటన్ నొక్కింది, ఇల్లంతా పండగ చేసుకున్నారు.

తరవాతి సోమవారం రఘునందన్ గారు ఫోన్ చేశారు. గొంతులో నవ్వు లేదు.

"మేడమ్, ఏం నడుస్తోందక్కడ? ఎన్నో రోజుల నుంచి మీ దగ్గర ఒక్కరు గూడ బటన్ నొక్కలే. పోయిన బుధవారం పొద్దున ఒక్క గంటల అందరు నొక్కిన్రు. అందరిది ఒకటే పేట, ఒకటే ఇంటర్నెట్ లైన్. ఎవరో ఒక్కడు కూసోని అందరివి నొక్కినట్టు కనిపిస్తుంది. సిస్టమ్ దొంగ దరఖాస్తులని పట్టేసింది. సీట్లన్ని ఆపేసిన్రు."

"తిరి సీటు కూడానా?"

"అదే ముందు ఆపిన్రు మేడమ్. అందరికంటె ముందు నొక్కింది ఆమెనే. శుక్రవారం కమిటీ కూసుంటది. అప్పటికి మనం ఏం చూపించకపోతే ఆ సీటు ఖాట్మండుకు పోతది."

నాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. మా పిల్లలు దొంగలా! నొక్కింది పిల్లలే అని నాకు తెలుసు, అందరినీ పేరుపేరునా ఎరుగుదును. ఆయన మాత్రం మామూలు ప్రశ్నే అడిగారు. కాకపోతే ఈసారి బతిమాలినట్టు అడిగారు. "ఎట్ల తెలుసు మేడమ్? వాళ్ళకు ఏమని చెప్పాలె?"

గోడ మీద రెండు

సాయంత్రం ట్రైషా, అదే సైకిల్ రిక్షా, ఎక్కి పైడప్ప ఇంటికెళ్ళాను. కబురు నా కంటే ముందే చేరింది. తిరి ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. పైడప్ప గుమ్మంలోనే పట్టుకుంది.

"ఒలే రత్నం, నా గుంట దొంగదంట? ఎవుడన్నాడా మాట? పిలువు నా కాడికి!"

"ఉండప్పా. ముందు నాకో సంగతి చెప్పండి. అందరూ ఒకే గంటలో ఎందుకు నొక్కారు?"

పైడప్ప నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "మంచి టైముకి నొక్కకండా సెడ్డ టైముకి నొక్కుతారేటి?"

గోడ వైపు చూశాను. ఒక మేకుకి బర్మా క్యాలెండర్, దాని పక్కనే ఇంకో మేకుకి తెలుగు పంచాంగం. మా ఇంట్లోనూ అలాగే ఉంటాయి. మన ఇళ్ళన్నిట్లోనూ ఉంటాయి. రోజూ చూస్తున్నాను గానీ, ఆ రెండు మేకులూ సింగపూర్‌లో తెర మీదకి ఎక్కుతాయని నాకెప్పుడూ తట్టలేదు.

ఉ విన్ తనకొచ్చిన తెలుగులో చెప్పాడు. "రోజు నేను చెప్పింది. టైము అత్త చెప్పింది."

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. బర్మా క్యాలెండర్‌లో కొన్ని రోజులు ఏ పని మొదలుపెట్టినా కలిసొచ్చేవి, కొన్ని రోజులు దేనికీ పనికిరానివి. అవి క్యాలెండర్లోనే అచ్చేసి ఉంటాయి. మంచి రోజు దాకా ఉ విన్ లాంటివాళ్ళు కదలరు. ఆ మంచి రోజు వచ్చాక పైడప్ప లాంటివాళ్ళు పంచాంగం తీస్తారు. రాహుకాలం తీసెయ్, దుర్ముహూర్తం తీసెయ్, వర్జ్యం తీసెయ్. రెండు క్యాలెండర్లూ ఒప్పుకునేది ఆఖరికి ఏ గంటో గంటన్నరో మిగులుతుంది. మిశ్రమ కుటుంబాలకే కాదు, మన తెలుగిళ్ళల్లోనూ ఇంతే. ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉన్నాక వాళ్ళ చెడ్డరోజు మనకి మాత్రం తగలదని ఎవరికి ధైర్యం?

ఆ మిగిలిన గంటని రాములవారి గుడి పూజారి గారు వైబర్ గ్రూపులో పెడతారు. కరెంటేమో ఒక పూట ఉంటే ఇంకో పూట ఉండదు. గుడి పక్క హాల్లో జనరేటరుంది, ఇంటర్నెట్టుంది. తలంటు పోసుకుని పిల్లల్నీ ఫోన్లనీ పట్టుకుని అందరూ అక్కడికే వస్తారు. ఒకే పేట, ఒకే లైను, ఒకే గంట. మోసం చేసేవాళ్ళు పొద్దున్నే ఇంత తలస్నానాలు చేసి వస్తారా, మీరే చెప్పండి!

ముందే చెప్పండి

అక్కడే కూర్చుని రఘునందన్ గారికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"నేను నమ్ముతున్న మేడమ్. కొత్త కారు తాళం చేతికిచ్చినంక మా అమ్మ నన్ను రెండు గంటలు షోరూంల కూసోబెట్టింది. కానీ కమిటీకి మా అమ్మ ముచ్చట చెప్పలేను. వాళ్ళకు రుజువు గావాలె." మళ్ళీ ఆయనే అన్నారు. "రెండో విడత సీట్లు మొన్ననే ఇచ్చినం గద. వాళ్ళెవరు ఇంక నొక్కలే. వాళ్ళు ఎప్పుడు నొక్కుతరో మీరు ముందే చెప్పగలరా?"

ఎంత మంచి ప్రశ్న! అయిపోయినదానికి ఎవరైనా కథ అల్లగలరు. జరగబోయేది ముందే చెప్పి అది జరిగితే, ఇంక కాదనేవాడెవడు? పిల్లలూ, ఈ ఉద్యోగంలో ఇదొక్కటి నేర్చుకున్నా చాలు.

పైడప్ప, ఉ విన్ ఇద్దరూ గోడ దగ్గరికెళ్ళారు. ఆయన ఒక క్యాలెండర్, ఆవిడ ఒక పంచాంగం. "మంగళ, బుధ, గురువారాలు కుదరవు" అన్నాడాయన. "శుక్రవారం దుర్ముహూర్తం తొమ్మిదింపావుకి పోద్ది. పదిన్నరకి రాహుకాలం ఒచ్చేత్తాది" అందావిడ. అల్లుడూ అత్తా ఒక మాట మీదకి రావడం ఆ ఇంట్లో అదే మొదటిసారేమో.

"శుక్రవారం తొమ్మిదింపావు నుంచి పదిన్నర లోపల" అని ఫోన్లో చెప్పాను. "అంతకు ముందు ఎవరూ నొక్కరు. గురువారం మా పేటలో రోజంతా కరెంటు ఉంటుందంటున్నారు. అయినా నొక్కరు, చూడండి."

ఆయన దాన్ని అప్పుడే కమిటీకి పంపించేశారు. ఒక్క షరతు పెట్టారు. ఈ సంగతి మేం ఎవరికీ చెప్పకూడదు. చెప్పి నొక్కిస్తే అది రుజువు కాదు, నాటకం. పైడప్ప చేత కూడా ఒట్టు వేయించాను. ఆవిడ నోరు మూసుకుని ఉండటం కంటే ఈ ఊళ్ళో కరెంటు నిలకడగా ఉండటం తేలిక. పాపం, మనవరాలి కోసం ఉంది.

గురువారం

పొద్దున్నుంచీ కరెంటుంది. ఇంటింటా నీళ్ళ మోటార్లు, మిక్సీలు, టీవీలు, అన్నీ మోగుతున్నాయి. రఘునందన్ గారు గంటకోసారి ఫోన్ చేసి "సున్నా మేడమ్" అంటున్నారు. ఆ సున్నా వింటుంటే పాయసం తాగినట్టుంది. మూడింటికి ఫోనొచ్చింది.

"మేడమ్! ఒకటొచ్చింది!"

"పేరు చెప్పండి బాబూ."

"పీటర్ అంట."

"వాళ్ళు చర్చికెళ్ళేవాళ్ళండీ! వాళ్ళింట్లో ఏ పంచాంగమూ లేదు, కరెంటుంది కదా అని నొక్కి ఉంటాడు." అవతల ఆయన ఎంతసేపు నవ్వారో! ఆ వారమంతటిలో అదే మొదటి నవ్వు. అది కూడా కమిటీకి రాసి పంపానన్నారు.

శుక్రవారం

ఎనిమిదిన్నరకల్లా గుడి హాలు నిండిపోయింది. నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. చెవిలో ఫోన్, అవతల రఘునందన్ గారు. పిల్లలు తడి జుట్లతో, ఫోన్లు పట్టుకుని. అమ్మలు, అమ్మమ్మలు. ఎవరో టీ ఫ్లాస్కులు తెచ్చారు. జనరేటరు గుర్రుమంటోంది. తొమ్మిదింపావు అయింది.

"సున్నా మేడమ్."

తొమ్మిదిన్నర అయింది. సున్నా. జనం గుసగుసలాడుకుంటున్నారు గానీ ఎవరూ నొక్కట్లేదు. చెప్పేద్దామంటే నేను నోరు విప్పకూడదాయె!

ఏమైందో కాసేపటికి తెలిసింది. పోయిన బుధవారం అందరికీ బోణీ చేసింది తిరి. గుడికొచ్చే అందరిలోకీ దాని చెయ్యి మంచిదని పేరు. ఇప్పుడు అందరికంటే ముందు దాని సీటే ఆపేశారు. ఇంక దాని చేత మొదలుపెట్టించాలా వద్దా అని తేల్చుకోలేక అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. ఎవరూ పైకి అనలేదు. అనకపోయినా తిరికి అర్థమైంది. గోడకి జేరగిలబడి, తల దించుకుని నించుంది. సీటు పోతే ఇంట్లో ఏడ్చి ఊరుకోవచ్చు, చేతికి చెడ్డపేరొస్తే ఈ పిల్ల ఈ పేటలో ఎలా తలెత్తుకు తిరుగుతుంది? పైడప్ప అప్పటికే లేచింది. ఇవాళ ఎవరికో మూడిందనుకున్నాను.

ఆవిడ నోరు తెరిచేలోపే ఒక తల్లి, నాకు పెద్దగా పరిచయం లేని మనిషి, తన కూతురి ఫోన్ తీసుకుని తిన్నగా తిరి దగ్గరికెళ్ళింది. "నువ్వే నొక్కమ్మా. మా పిల్లకి నీ చెయ్యే కావాల" అంది.

తిరి తలెత్తింది, చెయ్యి చాపింది. నేను కుర్చీలోంచి ఎగిరిపడ్డాను.

"ఓలమ్మో, వద్దు! ఒకరి బటన్ ఇంకొకరు నొక్కకూడదు! ఎవరిది వాళ్ళే నొక్కాలి, అది రూలు!"

అందరూ నా వైపు తిరిగారు. ఆ తల్లి మొహం వాడిపోయింది. రూలు చెప్పాను, టైము చెప్పలేదు, కాబట్టి షరతు తప్పలేదు. కానీ ఇప్పుడేం చెయ్యాలి? పైడప్పకే తోచింది. ప్రసాదం పళ్ళెంలో తాటిబెల్లం ముక్కలున్నాయి. ఆ పళ్ళెం తీసుకెళ్ళి మనవరాలి చేతిలో పెట్టింది.

"బటను ఆళ్ళే నొక్కుతారు. బెల్లం నువ్వెట్టు."

తిరి ఆ తల్లి కూతురి చేతిలో ఒక ముక్క పెట్టింది. ఆ పిల్ల నోట్లో వేసుకుని నొక్కింది.

"మేడమ్, ఒకటి" అన్నారు చెవిలో రఘునందన్ గారు.

పక్క పిల్ల చెయ్యి చాపింది. ఆ పక్కవాడు. తరవాత వరసంతా లేచి వచ్చేసింది. తిరి ఏడుస్తూ నవ్వుతూ ఒక్కొక్కరికీ బెల్లం పెడుతోంది. చెవిలో ఆయన లెక్కపెట్టడం మానేసి "వస్తున్నయ్ మేడమ్... ఆగుతలేవు... అబ్బ, ఆగుతలేవు" అంటున్నారు. గడియారం పదిన్నర కొట్టేసరికి అందరివీ అయిపోయాయి. ఆ తరవాత ఒక్కటి లేదు. నేను కుర్చీలో కూలబడి ఎవరిదో టీ లాక్కుని తాగేశాను.

కమిటీ మాట కోసం కాచుకున్నాం. ఎవరూ ఇళ్ళకి కదల్లేదు. ఇప్పుడింక సంగతంతా చెప్పేశాను, చెప్పకపోతే పైడప్ప పగిలిపోయేట్టుంది. పదకొండు దాటాక ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాను.

"మేడమ్, ఒప్పుకున్నరు. మీరు చెప్పిన గంట, పీటర్ ముచ్చట, అన్ని చూసిన్రు. అందరి సీట్లు మళ్ళ ఇచ్చేయమన్నరు. తిరి సీటు మళ్ళ ఇచ్చే బటన్ నా ముందటనే ఉంది." గొంతు కొంచెం తగ్గింది. "కానీ మేడమ్... మీ దగ్గర ఇప్పుడు రాహుకాలం గద. నొక్కాల్నా, ఆగాల్నా?"

ఇంత చదువుకున్న మనిషి, ఇన్ని అంకెలు చూసే మనిషి! హాల్లో అందరం పైడప్ప వైపు తిరిగాం. పన్నెండు దాకా రాహుకాలం. ఆవిడ గడియారం చూసింది, మనవరాలిని చూసింది. వారం రోజులుగా సరిగ్గా తినని, నిద్రపోని పిల్ల. చివరికి అంది. "సీటు దానిది బాబూ. దాన్నే అడుగు."

తిరి నా చేతిలో ఫోన్ వైపు వంగింది. ఇంట్లో అమ్మమ్మతో తప్ప తెలుగు మాట్లాడటానికి సిగ్గుపడే పిల్ల, గట్టిగా తెలుగులోనే అంది. "నొక్కెయ్యండి సార్. ఇప్పుడే."

ఆయన నొక్కారు. దాని ఫోన్ టింగుమంది. చదువుకుంది. వాళ్ళ నాన్నకి బర్మాలో చెప్పింది, ఉ విన్ అక్కడే నేల మీద కూర్చుని రెండు చేతులూ జోడించేశాడు. తరవాత అమ్మమ్మ దగ్గరికెళ్ళి మెడ చుట్టూ చేతులేసింది.

"అమ్మమ్మా, సీటు నాదే. నాదే!"

పైడప్ప దాన్ని గట్టిగా హత్తుకుంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి, నోరు మాత్రం ఊరుకోలేదు. "తెలుసే గుంటా, ఇన్నాను. పన్నెండు దాటినాక ఇంకోపాలి సెప్పు."

పన్నెండు దాటాక తిరి ఇంకోసారి చెప్పింది. అప్పుడే మొదటిసారి విన్నట్టు అందరం కేకలేశాం.